చాటల మిగిలిన ఆకు

మధ్యాహ్నం మూడు దాటింది. బయట సన్నగ తుంపర. వినాయక చవితి నాడు మా ఇంట్ల ఏమైందో చెప్త, కని ముందుగాల ఒక మాట. అందరు మంచిగనే ఉన్నరు. ఆ మాట ముందు చెప్పకుంటె తక్కింది రాయనీకె నాకే ధైర్యం చాలదు.

మాది దబీర్‌పురా, స్టేషన్ ఎన్క గల్లీ. ఇంట్ల నలుగురం. అత్తమ్మ, మా ఆయన, బిడ్డ సింధు, నేను. ఆయనకు హుస్సేనీ ఆలంల పాల దుకాణం ఉంది. సింధు డిగ్రీ చదువుతున్నది. నాకు ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. నేను ఏదన్న అంటె ఇంట్ల అందరు ఆగి చూస్తరు, టీవీ బందయినట్టు.

పోయిన ఏడు సింధు నా ఫోన్ల ఒక గ్రూపు పెట్టిచ్చింది. మొక్కలను గుర్తువట్టే గ్రూపు. ఎవరన్న తెల్వని మొక్క ఫోటో పెడ్తరు, మీ తాన దీన్ని ఏమంటరు అని అడుగుతరు. తెలిసినోళ్ళు చెప్తరు. దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నయి. పచ్చి ఆకు ఫోటో ఉండాలె. ఏ ఊర్ల దొరికిందో రాయాలె. మీ ఇంట్ల పిలిచే పేరు రాయాలె.

పేర్లు నాకొస్తయి. మా అమ్మ మండిల ఆకుకూరలు అమ్మేది. నేను ఆమె పక్కన కూసొని పెరిగిన. మేము గంగవాయిలి అన్నదాన్ని గుంటూరు దిక్కు ఒకామె పాయలకూర అన్నది. అదే ఆకును మా పక్కింటి ఖాలిదా ఆపా కుల్ఫా అంటది. గోడకు ఇటు ఒక పేరు, అటు ఒక పేరు పెట్టుకొని ఇన్నేండ్లు ఒక్క కూరనే వండుకుంటున్నం. గ్రూపుల చేరినంకనే అది నాకు సమజైంది. ఒక్క ఆకుకు గిన్ని పేర్లున్నయంటె, ఎన్ని ఇండ్లల్ల దాన్ని నమ్మి పిల్లలకు పెట్టిన్రో అనిపిచ్చింది.

మెల్లమెల్లగ గ్రూపుల నాకు ఒక మర్యాద వచ్చింది. "దబీర్‌పురా అక్కను అడగండి" అని రాస్తుంటిరి. అప్పటిదాంక నన్ను ఎవరన్న ఏదన్న అడిగిన్రంటె, ఉప్పు డబ్బ ఏడుంది అనే.

ఆ మర్యాదే నన్ను ముంచింది.

చవితి నాడు మా దిక్కు తుమ్మికూర తినాలె. ఉండ్రాళ్ళు ఎట్లనో తుమ్మికూర గూడ గట్లనే. ప్రతి ఏడు మండిల కొనుక్కొస్త. ఈసారి స్టేషన్ గోడ పొంటి తుమ్మి మస్తు మొలిచి కనవడ్డది, తెల్ల పూలతోని. ఊరందరి మొక్కలకు పేర్లు చెప్పేదాన్ని, నా గల్లీల తుమ్మి నేను కోసుకోలేనా అనుకున్న.

తెల్లారంగనే సంచి పట్టుకొని పోయిన. వాన పడుతున్నది. కళ్ళద్దాల మీద నీళ్ళు నిలుస్తుంటె తీసి కొంగుల ముడేసిన. ఆ గోడ పొంటి గన్నేరు చెట్లున్నయి, ఎర్రపూలవి. తుమ్మి వాటి కిందనే గుంపుగ ఉంది. వంగి, చేతికొచ్చింది వచ్చినట్టు తెంపి సంచిల ఏసుకున్న.

ఇంటికొచ్చి చాటల పోసి ఏరిన. కాడలు చాటల ఉంచి, ఆకు, చిగుర్లు కడిగి పెసరపప్పుల ఏసి పొయ్యి మీద పెట్టిన. తడిచీర ఇడిసి తీగె మీద ఏసి, పూజ చీర కట్టుకున్న.

పూజల మా ఆయన పుస్తకం పట్టుకొని ఒక్కొక్క పత్రి పేరు చదువుతడు. ఏ పేరు ఏ ఆకుదో ఆయనకు తెల్వదు. చదువుడు ఆయన పని, ఆకు తీసిచ్చుడు నా పని. నడుమ ఒక రెమ్మ ఆయన చేతిలకెళ్ళి జారి కిందవడ్డది.

"కిందవడ్డది దేవునికి పెట్టొద్దు" అన్నది అత్తమ్మ.

"పట్టుకోరాదా మంచిగ" అన్న నేను. ఇంకొకటి ఇచ్చి, ఆ పడ్డదాన్ని తీసి పక్కకేసిన. పూజ అయిపోయింది.

అన్నాలకు కూసున్నరు. మా ఆయన రెండుసార్లు ఏసుకొని "కూర మంచిగుంది" అన్నడు. ఆయన నోట గా మాట అరుదు. అత్తమ్మ "జర చేదెక్కువున్నది" అన్నది. సింధు వద్దనుకుంటనే తిన్నది, ఇయ్యాల తినాలె అని నేనే బలవంతంగ పెట్టిన. ఖాలిదా ఆపాకు ఒక గిన్నె పంపిన. రంజాన్ల ఆమె హలీమ్ పంపుతది, చవితికి నేను తుమ్మికూర పంపుత. అది మా రెండిండ్ల నడుమ ఎప్పటికెళ్ళో ఉన్నది.

తిన్నంక ఆయన దుకాణంకు పోయిండు. సింధు బహదూర్‌పురాల దోస్తు ఇంటికి పోయింది. అత్తమ్మ గల్లీ చివర గణపతి మంటపం కాడ కూసునుడుకు పోయింది. ఇల్లు సప్పుడు లేకుంట అయింది.

నేను ఇంకా తినలే. తినేముందు గ్రూపుల పెడ్దామనిపిచ్చింది. ఇయ్యాల మా ఇంట్ల తుమ్మికూర అని. గిన్నెల ఉడికిన పప్పు ఫోటో పెడ్తె ఎవరు ఒప్పుకుంటరు, పచ్చి ఆకు కావాలె గద. చాటల చూసిన. అన్ని కాడలే. గెలికితె కాడల నడుమ ఒక చిగురు దొరికింది, సన్నటి ఆకులు, నవనవలాడుతున్నది. ఇంత మంచి చిగురు ఎట్ల ఇడిసిన్నో అనుకున్న. ఏరి పారేసిన దాంట్ల గంత మంచిది ఎందుకుంటదని గూడ అనుకోవాల్సుండె. అనుకోలే. పలక మీద పెట్టి ఫోటో తీసిన. "తుమ్మి. దబీర్‌పురా స్టేషన్ గోడ దగ్గర. ఇప్పుడే అందరం తిన్నం" అని రాసిన.

ముందుగాల దండాలు, పండుగ శుభాకాంక్షలు. తర్వాత ఒక తమ్ముడు రాసిండు.

"అక్కా, ఇది తుమ్మి కాదేమో. గన్నేరు చిగురులా ఉంది."

"తుమ్మే. నేనే కోసిన" అని రాసిన.

"ఆకు మెరుస్తుంది చూడండి. తుమ్మి ఆకు మెరవదు. కణుపు దగ్గర మూడు ఆకులున్నాయి. తుమ్మికి రెండే ఉంటాయి."

ఇంకొకామె వచ్చింది. "అక్కా, కోసిన చోట గన్నేరు చెట్లు ఉన్నాయా?"

"ఉన్నయి" అని రాసిన.

ఇగ చూడాలె. తిన్నరా. ఎంతమంది. వాంతులైతున్నయా. కళ్ళు తిరుగుతున్నయా. నాడి చూడండి, మెల్లగ కొట్టుకుంటె ఒక్క నిమిషం ఆగొద్దు, దవాఖానకు పోండి, ఆ ఆకు గూడ తీస్కపోండి. ఎవరో తెల్వనోళ్ళు, ఏ ఊరోళ్ళో, అందరు ఒక్కసారి మా ఇంట్లకు ఉరికొచ్చినట్టయింది. ఒక్కరు గూడ నన్ను తిట్టలే. తిడితె బాగుండు అనిపిచ్చింది.

గన్నేరంటె ఏందో మా దిక్కు పిల్లలకు గూడ తెలుసు. పొయ్యి మీద గిన్నె దిక్కు చూసిన. నేను వండిన. నేనే వడ్డిచ్చిన. బలవంతంగ గూడ పెట్టిన. అందరు తిన్నరు, నేనొక్కదాన్నే తినలే. ఇంట్ల అందరికి ఏదన్న అయి నేనొక్కదాన్ని మిగిలితె ఎట్ల అన్న ఆలోచన వచ్చింది.

ఆయనకు ఫోన్ చేసిన. ఎత్తలే. సింధుకు చేసిన. ఎంగేజ్. మళ్ళ చేసిన. ఎంగేజ్. అత్తమ్మకు ఫోనే లేదు. చిగురును కొంగుల ముడేసుకొని ఖాలిదా ఆపా ఇంటికి ఉరికిన.

ఆపా దివాను మీద కూసొని ఎల్లిపాయలు ఒలుస్తున్నది.

"క్యా హువా, భాగ్యా?"

"కూర తిన్నరా ఆపా?"

"పూరా ఖతమ్. నిమ్మకాయ పిండుకొని తిన్న. గిన్నె గూడ కడిగి పెట్టిన, చూడు."

నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్న. నాడి దొరుకుతలే. ఒక్క చోట గూడ దొరుకుతలే.

"ఏం చేస్తున్నవ్?"

"నాడి చూస్తున్న. వాంతి అయ్యేటట్టున్నదా?"

"నువ్వు గిట్ల అడుగుతుంటె అయితదేమో. నీ చెయ్యే వణుకుతున్నది, నా నబ్జ్ నీకేం దొరుకుతది? బైఠో. సంగతేందో చెప్పు."

చెప్పిన. ఆపా ఎల్లిపాయలు పక్కకు పెట్టింది. తన చెయ్యి తనే పట్టుకొని చూసుకున్నది.

"నాది ఠీక్ కొట్టుకుంటున్నది. నువ్వు పోయి వాళ్ళను తీస్కరా, నేను మీ ఇంట్ల కూసుంట. ఎవరొచ్చినా పట్టుకొని కూసోపెడ్త, బయటికి ఇడువ. అందరం కలిసి డాక్టర్ తానకు పోదాం."

విషం పెట్టినదాని ఇంటికి కావలి కూసుంట అంటున్నది ఆమె.

మంటపం కాడికి పోయిన. అత్తమ్మ కుర్చీ ఖాళీగ ఉంది.

"మా అత్తమ్మ ఏది?" అని పక్కనున్న ఆడోళ్ళను అడిగిన.

"గిప్పుడే లేసిపోయింది వదినా. కడుపుల గడబిడ అన్నది."

"ఇంటికి పోయిందా?"

"ఇంటి దిక్కు పోలే. రోడ్డు దిక్కు పోయింది."

రోడ్డు మీదికొచ్చి అటు చూసిన, ఇటు చూసిన. అన్ని తడిసిన గొడుగులే. కళ్ళద్దాలు లేకుంట దూరంల ప్రతి ముసలామె మా అత్తమ్మ లెక్కనే ఉంది. ఇద్దరిని పిలిచిన గూడ. ఇద్దరు తిరిగి చూసిన్రు, ఇద్దరు కారు. ఇగ ఆయననన్న తీస్కరావాలె, ఇద్దరం కలిసి దేవులాడొచ్చు అని ఆటో ఎక్కిన, హుస్సేనీ ఆలం అని.

ఆటోల ఫోన్ తీసిన. గ్రూపోళ్ళు అడుగుతనే ఉన్నరు. అక్కా ఏమైంది, అక్కా జవాబు ఇవ్వండి. చదువుతుండంగనే ఫోన్ ఆగిపోయింది. చార్జింగ్ అంతా వాళ్ళ ఫికర్లనే ఖర్చయింది.

"భయ్యా, జర జల్ది పోనీ."

"ముంగట గణపతి పోతున్నడమ్మా. ఆయనను దాటి యాడికి పోవాలె? ఏమైంది, గంత పరేషాన్ ఉన్నరు?"

"ఇంట్లోళ్ళకు గన్నేరాకు వండి పెట్టిన."

ఆటో ఆయన అద్దంల నన్ను ఒక్కసారి చూసిండు. దించంగనే మళ్ళి చూడకుంట పోయిండు.

దుకాణం షట్టర్ సగం దించి ఉంది. పక్క చెప్పుల దుకాణం ఆయన బయటికొచ్చిండు.

"భాభీ, ఇంట్లోళ్ళ ఫోన్ వచ్చింది భాయ్‌కు. ఎవరికో సీరియస్ అంట. పాల డబ్బకు మూత గూడ పెట్టకుంట ఉరికిండు. నేనే మూత పెట్టిన."

"ఎవరికి సీరియస్?"

"మాలూమ్ నై భాభీ. చెప్పేటంత సేపు గూడ నిలవడలే."

షట్టర్ పట్టుకొని నిలవడ్డ. అత్తమ్మకే అనుకున్న. కడుపుల గడబిడ అన్నది గద. చేదున్నది అని గూడ అన్నది. ఆమె మాట నేను పట్టిచ్చుకోలే.

వాపస్ వచ్చేటప్పుడు ఆటోల దేవునికి మొక్కుదామనుకుంటె పొద్దున పూజ యాదికొచ్చింది. ఆకులన్ని పేరుపేరున ఇచ్చినం ఆయనకు. అందుల విషాలు గూడ ఉంటయి. జిల్లేడు ఉంటది, ఉమ్మెత్త ఉంటది, గన్నేరు ఉంటది. ఆయనకేం గాదు, ఆయన తీస్కుంటడు. మనుషుల సంగతి గట్ల గాదు. మనుషులకు ఎవరో ఒకరు ఏరి పెట్టాలె. మా అమ్మ చూపు తగ్గినంక గూడ ఆకును ముక్కు కాడ పెట్టుకొని, వేలితోని రాసి చూసేది. అమ్మేదాన్నే అన్నిసార్లు చూసేది. నేను తినేదాన్ని చూడలే.

గన్నేరు పొద్దున ఇంట్ల గూడ ఉండె గద అన్నదాంక వచ్చింది ఆలోచన. ఇంకొక్క అడుగు ముంగటికి పోతె సంగతి సమజైపోతుండె. పోలే. ఇల్లు వచ్చింది.

గడప ముంగట చెప్పులు. మా ఇంటివి, పరాయివి, మస్తున్నయి. తలుపు తీసే ఉంది. గట్ల చెప్పులు ఎప్పుడు జమైతయో నాకు తెలుసు. గడప కాడనే ఆగిపోయిన.

"అగో, వచ్చింది" అన్నది ఎవరో.

లోపట మంచం మీద అత్తమ్మ కూసొని గోళీసోడా తాగుతున్నది. సింధు ఆమె పక్కన. ఖాలిదా ఆపా తలుపు కాడ కుర్చీ ఏసుకొని, అన్నట్టే ఎవరిని ఇడువకుంట కూసున్నది. మంటపం కాడి ఆడోళ్ళు గోడకు ఆనుకొని నిలవడ్డరు. మా ఆయన నన్ను చూసి లేసిండు.

"ఏడ పోయినవే? ఊరంత దేవులాడుతున్నం."

"ఎవరికి సీరియస్?" అన్న.

"నీకే."

నాకు సమజ్ కాలే. సింధు చెప్పింది. గ్రూపుల ఆమె గూడ ఉంటది. నా ఫోటో కింద గన్నేరు మాట చదివి ముందు నాకు చేసింది, ఎంగేజ్. నేను ఆమెకు చేస్తున్న, ఆమె నాకు చేస్తున్నది. తర్వాత నా ఫోన్ ఆగిపోయింది. ఇగ అమ్మ పడిపోయిందనుకొని వాళ్ళ బాపుకు చేసింది. ఆయన ఆ దిక్కు నుంచి, ఈమె ఈ దిక్కు నుంచి ఇంటికి ఉరికొచ్చిన్రు. అత్తమ్మ సోడా కోసం రోడ్డు మీదికి పోయి, తాగుకుంట తాపీగ వచ్చింది. సింధు ఆమెను గల్లీ డాక్టర్‌కు చూపిచ్చింది. ఆయన నాడి చూసి, బీపీ చూసి, "ఉండ్రాళ్ళు ఎన్ని తిన్నరు?" అని అడిగిండంట. అత్తమ్మ చెప్పలేదంట.

"మరి గన్నేరు?" అన్న.

సింధు ఫోన్ నా మొఖం ముంగట పెట్టింది. ఫోటోను పెద్దగ చేసింది. "ఈ ఎర్రటిది ఏందమ్మా?"

"పురుగు పట్టిందేమో."

"కుంకుమ. సూర్యాపేట ఆమె ఒకరు చూసి అడిగింది. అక్కా, ఆకు మీద కుంకుమ ఉంది, ఇది మీ ఇంటి పత్రి కాదు గదా అని. స్టేషన్ గోడ కాడ గన్నేరుకు బొట్టు ఎవరు పెట్టిన్రమ్మా?"

మా ఆయన తన వేళ్ళు చూసుకున్నడు. ఇంకా ఎర్రగనే ఉన్నయి.

పొద్దున ఆయన చేతిలకెళ్ళి జారింది గన్నేరు. తీసి పక్కకేసింది నేను. పక్కన ఉన్నది చాట. అప్పటికే కూర పొయ్యి మీద ఉడుకుతున్నది. సింధు చాటల కాడలన్ని ఒక్కొక్కటి పరిచి చూసింది, అన్ని తుమ్మివే. గన్నేరు ఒక్కటంటె ఒక్కటి, దేవునికిచ్చి జారిపోయింది. దాన్నే నేను ఏరి, పలక మీద పెట్టి, ఫోటో తీసి, ఇది మేము తిన్నం అని దునియకు చెప్పిన.

ముందుగాల ఖాలిదా ఆపా నవ్వింది. అప్పుడు అందరు నవ్విన్రు. నేను కింద కూసొని ఏడ్చిన. నవ్వుతున్నోళ్ళు ఆగిపోయిన్రు.

"ఊకో" అన్నది అత్తమ్మ. "వీళ్ళ లొల్లి వీళ్ళది. నా కోడలుకు గన్నేరుకు తుమ్మికి తేడా తెల్వదా అని నేను మంచిగ సోడా తాగుతున్న."

"చేదెక్కువున్నది అన్నరు గద" అన్న.

"తుమ్మి చేదుగాకుంటె తియ్యగుంటదా? నువ్వు తిన్నవా?"

నేను తల అడ్డంగ ఊపిన. అందరు నా దిక్కు చూసిన్రు. పొద్దటికెళ్ళి ఆ మాట నన్ను ఎవరు అడగలే, నేను గూడ నా ఆకలి యాది చెయ్యలే. సింధు లేసిపోయి పల్లెంల అన్నం, తుమ్మికూర పెట్టుకొచ్చింది. చల్లగయింది, గట్టిపడ్డది. ఒక ముద్ద నోట్ల పెట్టుకున్న. చేదు సరిగ్గనే ఉంది.

ఫోన్ చార్జింగ్‌ల పెట్టంగనే గ్రూపు మోగుడు మొదలువెట్టింది. అక్కా, అందరు ఇల్లు చేరిన్రా? ఒక్క మాట రాయండి అక్కా. పేర్లు తెల్వనోళ్ళు, పండుగ పూట, పొయ్యిల మీద వాళ్ళ వంటలు వదిలి అడుగుతున్నరు. ఏం రాయాలె? లెక్క చెప్పి రాద్దామని తల ఎత్తి చూసిన. మంచం మీద అత్తమ్మ ఉంది. గోడ కాడ ఆయన ఉన్నడు. చాట పక్కన సింధు ఉంది. తలుపు కాడ ఆపా ఉంది. "అందరు వచ్చిన్రు" అని టైపు చేసిన. పంపబోయి ఆగిన.

"క్యా హువా?" అన్నది ఆపా.

"నా కళ్ళద్దాలు."

ఆపా లేసి పోయి తీగె మీది తడిచీర కొంగు ముడి ఇప్పి తెచ్చిచ్చింది. తుడిచి పెట్టుకున్న. అత్తమ్మను, ఆయనను, బిడ్డను, ఆపాను మళ్ళొకసారి దగ్గరికెళ్ళి చూసిన. అందరు వాళ్ళే. అప్పుడు పంపిన.